మ్యాచ్ ఫిక్స్ అయింది

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటిన తర్వాత. ఒత్తులు తప్పిపోయినా, దీర్ఘాలు పొట్టివైనా చదివేవారు మన్నించాలి. చేయి కూడా నెమ్మది. ఇంత చిన్న సంగతి రాయడానికి నాకు ఎండకాలం మొత్తం పట్టింది. నాకు చదువు చెప్పిన కాత్యాయని గారికి చూపించి దిద్దించుకోవచ్చు. కాని ఈ కథలో ఆమె కూడా ఉన్నారు. కథలో ఉన్నవారి చేత దిద్దిస్తే తప్పులతో పాటు ఇంకేమైనా పోతాయేమోనని చూపించలేదు.

మాది మెట్‌పల్లి పక్కన పల్లె. మా ఆయన పోయిన కొన్నేళ్లకు క్లీనింగ్ కంపెనీ వీసా మీద సౌదీలో ఉన్న ఈ జుబైల్ వచ్చాను. మొదట ఆస్పత్రిలో వేశారు. తర్వాత ఆడవాళ్ల జిమ్‌కు మార్చారు. జిమ్ అంటే ఏమిటో అప్పుడు నాకు తెలియదు. పని ఉన్నవాళ్లకు ఊరికే వచ్చే చెమటను పని లేనివాళ్లు చందా కట్టి తెచ్చుకునే చోటు అని అర్థం చేసుకున్నాను. ఇప్పటికీ ఆ అభిప్రాయం పెద్దగా మారలేదు.

మా జిమ్‌లోకి మగపురుగు రాదు. తలుపు దగ్గర పైన వేసుకునే నల్ల అబాయా తగిలించి, ఫోను పెట్టెలో వేసి లోపలికి రావాలి. ముందు గదిలో అద్దాలు, ఉన్నచోటనే ఉరికే మిషన్లు. వెనక హాల్లో తాళ్లు కట్టిన బాక్సింగ్ రింగు, పైనుంచి వేలాడే బస్తాలు. ఆ రింగు తుడిచేది నేనే.

పొద్దుటి బ్యాచ్‌కు బాక్సింగ్ నేర్పేది ఉమేరా. వాళ్లది కోరుట్ల. తండ్రి ఇక్కడి ప్లాంటులో ఆపరేటర్. ఈ పిల్ల పుట్టింది పెరిగింది జుబైల్‌లోనే. సన్నగా పొడుగ్గా ఉంటుంది. చేయి తగిలించి, ఎదుటి మనిషి తేరుకునే లోపల రెండడుగులు పక్కకు జరిగి ఉంటుంది. ఈ వైపు జిమ్‌లన్నీ కలిసి పెట్టుకునే పోటీలో ఏటా కప్పు ఆమెదే. నన్ను అవ్వా అని పిలిచేది. మా వైపు అవ్వ అంటే తల్లి.

ఆమె ఇలా ఏకచ్ఛత్రంగా ఉండగా ఈ దేశం పడమటి చివర ఉన్న యాన్బు నుంచి ఖాలిదా వచ్చింది. ఖాలిదాది రాయచోటి. భర్త వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్, ఆయనకు ఇక్కడికి బదిలీ అయింది. యాన్బు వైపు జిమ్‌ల పోటీలో ఆమె ఛాంపియన్. పొట్టిగా గట్టిగా ఉంటుంది. పక్కకు జరగడం ఆమెకు ఇష్టముండదు. బస్తాను ఒక్కటి కొడితే పైన గొలుసు గలగలమనేది. ఆమె సాయంత్రం బ్యాచ్‌కు వచ్చేది. మొదటి రోజే నాతో, మా తావ అవ్వ అంటే జేజి, మీరు ఇంకా అంత ముసలోళ్లు కాలేదు, పెద్దమ్మా అంటా అన్నది. నాకు సంతోషమైంది.

ఇద్దరి ఇళ్లలోనూ ఉర్దూయే మాట్లాడతారు. కాని కోరుట్ల ఉర్దూ, రాయచోటి ఉర్దూ ఒకదాన్ని చూసి ఒకటి నవ్వుకుంటాయి. అందుకని ఇద్దరూ మర్యాదగా తెలుగులో మాట్లాడుకునేవారు. ఆ తెలుగులు కూడా ఒకదాన్ని చూసి ఒకటి నవ్వుకునేవే, కాని కొంచెం తక్కువ.

ఇద్దరిదీ ఒకటే బరువు తరగతి. ఒకే కప్పు కింద ఇద్దరు ఛాంపియన్లు, ఒకరు పొద్దున, ఒకరు సాయంత్రం. మరి ఎవరు గొప్ప అన్న ప్రశ్న బట్టలు మార్చుకునే గదిలో పుట్టి అక్కడే పెరిగింది. కరీంనగర్, నిజామాబాద్ వైపు ఆడవాళ్లంతా ఉమేరా పక్షం. కడప, చిత్తూరు వాళ్లు ఖాలిదా పక్షం. కోస్తా వాళ్లు ఎవరు ఎదురుగా ఉంటే వాళ్ల పక్షం. బాక్సింగ్ అంటే ఏమిటో తెలియనివాళ్లకు ఈ విషయంలో మరీ పట్టుదల.

ఆ ఇద్దరి మధ్య మాత్రం అంత పంతం కనపడేది కాదు. మొదట్లో చెప్పుల స్టాండు దగ్గర ఎదురుపడి సలాం చెప్పుకుని పోయేవారు. తర్వాత ఉమేరా పని అయినా ఇంటికి పోకుండా సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోవడం మొదలుపెట్టింది. ఖాలిదా కూడా ముందుగా రావడం మొదలుపెట్టింది. ఒకరు బస్తా కొడుతుంటే ఇంకొకరు చూసేవారు. నీ కుడి చెయ్యి కిందికి దిగుతాది మ్మే అని ఖాలిదా, నువ్వు కొట్టేముందు ఊపిరి బిగవడ్తవ్, దొరికిపోతవ్ అని ఉమేరా. శత్రువుకు ఇంత విడమరిచి తప్పులు చెప్పేవాళ్లను నేను ఎక్కడా చూడలేదు.

ఇట్లా నడుస్తుండగా ఉమేరా తండ్రికి కంపెనీ ఇక దేశం విడిచి పొమ్మని ఎగ్జిట్ ఇచ్చింది. ఇకామా అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, ఆయన ఇకామా మీదే ఇంటిల్లిపాదీ ఉన్నారు. రంజాన్ నెల రాకముందే అందరూ సామాను కట్టుకుని కోరుట్ల పోవాలి. నేను రింగు తుడుస్తుంటే తాళ్ల మీద చేతులు వేసి నిలబడి ఉమేరా ఆ మాట చెప్పింది. ఊరు కొత్తగదా, భయమవుతున్నదా అని అడిగాను.

"ఊరికి భయమెందుకు అవ్వా. ఖాలిదాతోని ఒక్కసారి ఆడి పోవాలె. కోరుట్లల నాతోని ఎవరు ఆడ్తరు? ఓడిపోతే ఓడిపోయిన అనుకుంట పోత. గెలిస్తే గెలిచిన అనుకుంట పోత. ఏదీ తెల్వకుండ పోవుడే నాతోని కాదు."

నాకు ఆ బాధ కొత్తగా అనిపించింది. నా బతుకులో తెలియకుండా ఉంటే బాగుండుననుకున్నవే ఎక్కువ. ఈ పిల్ల తెలుసుకోవడానికి దెబ్బలు తింటానంటున్నది. అయినా ఆ రోజు నుంచి నాకు కూడా ఆ మ్యాచ్ అయితే బాగుండుననిపించింది.

కాత్యాయని గారి చెవిన వేసింది నేనే అని జయ అంటుంది. జయ నాతో పాటు క్లీనింగ్‌లో పనిచేస్తుంది, రాజోలు మనిషి, అప్పటికి కొత్తగా వచ్చింది. నిజానికి కాత్యాయని గారికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఆమె భర్త సీతారామయ్య గారు పెద్ద ఇంజినీరు. ఆమె ఇక్కడి తెలుగు మహిళా సంఘానికి అధ్యక్షురాలు. శుక్రవారం పొద్దున వాళ్ల విల్లాలో పిల్లలకు తెలుగు చెప్పేవారు. ఆ పిల్లల వెనక కూర్చునే నేను అక్షరాలు నేర్చుకున్నాను. చదువు చెప్పడం ఆమెకు ఇష్టం, కాని ప్రాణం మాత్రం సంబంధాలు కుదర్చడం. ఆమె చేసిన పెళ్లిళ్లు జుబైల్ నుంచి దమ్మామ్ దాకా ఉన్నాయి. రెండు పక్షాలను ఎదురెదురుగా కూర్చోబెట్టి టీ ఇప్పించి లేచేలోపల మాట ఖాయం చేయించడంలో ఆమెను మించినవారు లేరు.

ఈ మ్యాచ్ కూడా అట్లాగే ఖాయం చేయించారు. జిమ్ మేనేజర్ షహజాదీ, హైదరాబాద్ ఆమె. ఆమె గదిలో అందరూ కూర్చున్నారు. నేను టీ ఇచ్చాను. కాత్యాయని గారు మధ్యలో కూర్చుని ఇద్దరి ఎత్తు, బరువు అడిగారు. చదువు కూడా అడిగి, ఎందుకడిగానబ్బా అని తనే నవ్వుకున్నారు. ముందు రింగులోకి ఎవరు రావాలన్న దగ్గర కొంచెం పేచీ వచ్చింది. ఛాంపియన్ తర్వాత వస్తుందని ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఛాంపియన్లే. పెళ్లిలో ఎదురుకోళ్ల లాగా రెండు వైపుల నుంచి ఒకేసారి రండి అని కాత్యాయని గారు తీర్పు చెప్పారు. మూడు రౌండ్లు. దమ్మామ్ నుంచి ఆడ రిఫరీ. వచ్చే శుక్రవారం. జిమ్ యజమానురాలు సౌదీ మేడమ్, ఆమె ఒప్పుకుంటే చాలు, ఆమె ఎప్పుడూ కాదనదు అని షహజాదీ చెప్పింది. ఉమేరా ఆ రోజు బయటికి వస్తూ నా చేతిలో తుడుపు కర్ర తీసుకుని దానితో గుద్దులాట ఆడింది.

సాయంత్రం కాత్యాయని గారు సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టారు. నేను అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. అది ఇది:

"శుభవార్త. ఉమేరా, ఖాలిదాల మ్యాచ్ ఫిక్స్ అయింది. ఇరుపక్షాలూ ముందుగానే కూర్చుని అన్నీ మాట్లాడుకున్నాయి. ఎవరికీ నొప్పి కలగకుండా ఒప్పందం కుదిరింది. శుక్రవారం అందరూ విచ్చేసి వేడుక చూసి ఆనందించగలరు."

నాకు ఇందులో ఏ తప్పూ కనపడలేదు. పెళ్లి ఫిక్స్ అవుతుంది, ముహూర్తం ఫిక్స్ అవుతుంది, మ్యాచ్ కూడా ఫిక్స్ అయింది. సంతోషపడి రెండోసారి కూడా చదివాను.

కాని ఆడవాళ్ల ఫోన్లను మగవాళ్లు భుజం మీది నుంచి చూస్తారు. ఆ మగవాళ్లు క్రికెట్ కూడా చూస్తారు. క్రికెట్ చూసేవాళ్లకు మ్యాచ్ ఫిక్స్ అంటే ఒకటే అర్థం. సీతారామయ్య గారు పడి పడి నవ్వి, దొంగాట ఆడబోతున్నామని ఇంత మర్యాదగా ముందే చెప్పినవాళ్లు ప్రపంచంలో లేరు అన్నారట. మీకు ప్రతిదీ ఎగతాళే అని కాత్యాయని గారు వంటింట్లోకి వెళ్లిపోయారట. తెల్లవారేసరికి ఆ సందేశం ప్లాంటు క్యాంపుల్లో, టిఫిన్ బల్లల మీద, బస్సుల్లో తిరుగుతున్నది. ఇరుపక్షాలూ ముందుగానే మాట్లాడుకున్నాయంట, ఎవరికీ నొప్పి కలగదంట అని చెప్పుకుని నవ్వుకున్నారు.

కోరుట్లకు కూడా పోయింది. పోయేటప్పుడు దారిలో ఎక్కడో ఖాలిదాలో చివరి దీర్ఘం రాలిపోయింది. ఉమేరా మేనత్త అక్కడి నుంచి ఉమేరా తల్లి జబీకి ఫోన్ చేసి, పిల్లకు ఖాలిద్ అనే పిలగానితో ఫిక్స్ అయిందట, మాకు ఒక్క మాట చెప్పవా, పిలగాడు ఏం చేస్తడు అని నిలదీసింది. జబీ కోపం పట్టలేక, పిలగాడు కాదు, ఆడిమనిషి అన్నది. అవతల ఫోను పెట్టేశారు. ఆ తర్వాత మూడు రోజులు కోరుట్ల నుంచి ఎవరూ మాట్లాడలేదట.

జిమ్‌లో బట్టల గది ప్రశ్న మారిపోయింది. ఇప్పుడు ఎవరు గొప్ప అని ఎవరూ అడగడం లేదు. ఓడిపోవడానికి ఒప్పుకున్నది ఎవరు అని అడుగుతున్నారు. మా పిల్ల చస్తే ఒప్పుకోదు కాబట్టి ఒప్పుకున్నది ఖాలిదాయే అని కరీంనగర్ వాళ్లు. అదే లెక్కన ఉమేరాయే అని కడప వాళ్లు. కోస్తా వాళ్లు ఇద్దరూ ఒప్పుకుని ఉంటారన్నారు. అప్పుడు గెలిచేదెవరని ఎవరూ ఆలోచించలేదు.

జయ నన్ను మెట్ల దగ్గర ఆపి మెల్లగా అడిగింది. "మరి ఓడిపోడానికి ఒప్పుకున్నదెవరండీ?"

ఎవరూ ఒప్పుకోలేదని చెప్పాను.

"ఎవరూ ఒప్పుకోపోతే ఇంక ఫిక్స్ ఎలా అయ్యిందండీ?"

నేను బకెట్ ఎత్తుకుని మెట్లు తుడవడానికి పోయాను.

ఖాలిదా భర్తను సైటులో అందరూ పట్టుకున్నారు. మీ ఆవిడ ఏ రౌండులో పడిపోతుందో మాకు కూడా చెప్పవయ్యా, పందెం కాసుకుంటాం అన్నారట. ఆయన మెత్తటి మనిషి. అయినా ఇంటికి వచ్చి, ఫిక్స్ అయిందన్న మాట వెనక్కి తీసుకుంటేనే ఆట అని చెప్పాడు. ఉమేరా తండ్రి కూడా అదే అన్నాడు. ఇన్నేళ్లు ఇక్కడ మచ్చ లేకుండా ఉద్యోగం చేసి, పోయే ముందు బిడ్డకు దొంగాట పేరు రావడం ఆయనకు ఇష్టం లేదు.

కాత్యాయని గారు దానికేం భాగ్యం అని రెండో సందేశం పెట్టారు. "మనవి. ఉమేరా, ఖాలిదాల మ్యాచ్ ఫిక్స్ కాలేదు."

క్రికెట్ వాళ్లు ఊరుకున్నారు. కాని గ్రూపులో సగం మంది మా లాంటివాళ్లు. ఫిక్స్ కాలేదంటే కుదరలేదని వాళ్ల అర్థం. అయ్యో, ఎక్కడ తేడా వచ్చింది, ఏ పక్షం వెనక్కి తగ్గింది అని కాత్యాయని గారిని ఓదార్చడం మొదలుపెట్టారు. శుక్రవారానికి వస్తామన్నవాళ్లు ఒక్కొక్కరే వేరే పనులు పెట్టుకున్నారు. రిఫరీ కూడా దమ్మామ్‌లో ఇంకెవరికో మాట ఇచ్చేసింది.

అప్పుడు మూడో సందేశం వచ్చింది. "మ్యాచ్ ఉంది. తేదీ ఫిక్స్. మ్యాచ్ మాత్రం ఫిక్స్ కాదు." ఇది నేను నాలుగుసార్లు చదివినా నాకు అర్థం కాలేదు. నా చదువు చాలలేదేమో అనుకున్నాను. మొదటి రెండు చూడకుండా ఇదొక్కటే చూసినవాళ్లు మాత్రం, ఎవరూ అనకుండానే కాదు కాదంటున్నారంటే ఏదో ఉండే ఉంటుందని తేల్చేశారు.

చివరికి ఆమె విసిగి మూడింటినీ తీసేశారు. తీసేసినట్టు గుర్తులు మాత్రం మూడూ వరసగా మిగిలాయి. చెరిపేసిన మాటను నమ్మినంతగా మనవాళ్లు ఉన్న మాటను నమ్మరు. ఇక ఎవరికీ ఏ అనుమానమూ మిగల్లేదు.

ఇంత జరుగుతున్నా ఉమేరా ఆగలేదు. అననీ అవ్వా, రింగుల నిలవడ్డంక సూస్తరు గద అనేది. రిఫరీని తనే మళ్లీ బతిమాలి ఒప్పించింది. ఖాలిదా కూడా భర్తను ఒప్పించింది. షహజాదీ కుర్చీల కోసం, హాలు కోసం అటూ ఇటూ పరుగెత్తి ఆ గురువారానికి అన్నీ సిద్ధం చేసింది. ఇంకా మేడమ్ అనుమతి ఒక్కటే అడగాలి. అడగక ముందే మేడమ్ నుంచి ఫోన్ వచ్చింది.

ఆ మేడమ్ మంచి మనిషి. ఆడపిల్లలు గుద్దులాట నేర్చుకోవాలని తనే ఆ రింగు పెట్టించింది. ఆమె చెవిన కూడా ఈ మాట ఎవరో వేశారు. ఆమె ఇంగ్లీషులో ఒకటే అడిగింది, మ్యాచ్ ఫిక్స్ అయిందట, నిజమేనా అని. షహజాదీ కుర్చీలు లెక్కపెడుతూ ఉన్నది. తన కష్టం మేడమ్ దాకా పోయిందని పొంగిపోయింది. అవును మేడమ్, పక్కా ఫిక్స్, నేనే దగ్గరుండి ఫిక్స్ చేశాను అని చెప్పింది.

మేడమ్ అరబ్బీలో ఒక్క మాట అని పెట్టేసింది. షహజాదీ గది బయటికి వచ్చి గుమ్మంలో నిలబడి మాకు ఆ మాట చెప్పింది.

"ముబారా మాఫీ."

ముబారా అంటే ఆట. మాఫీ అంటే ఇక్కడ లేదు అని. నీళ్లు మాఫీ, బస్సు మాఫీ, జీతం మాఫీ. ఈ దేశంలో అందరం మొదట నేర్చుకునే మాట అదే. కాని జయ వచ్చి కొన్ని వారాలే. ఆమెకు తెలిసిన మాఫీ రుణమాఫీ. తుడుపు గుడ్డ కింద పెట్టి రెండు చేతులూ జోడించింది.

"మాఫీ చేసేశారంటండీ. ఎంత పెద్ద మనసండీ ఆవిడది."

ఎవరికీ నవ్వు రాలేదు. ఉమేరా గోడకు ఆనుకుని నిలబడి ఉన్నది. షహజాదీ మళ్లీ ఫోన్ చేసింది, ఫిక్స్ అంటే ఆ ఫిక్స్ కాదని చెప్పింది. ఎన్ని రకాల ఫిక్స్ ఉంటాయి అని మేడమ్ అడిగిందట. తన జిమ్‌లో అబద్ధపు ఆట జరగనివ్వనని చెప్పింది. ఆమె అన్నది న్యాయమే. ఈ వ్యవహారంలో అన్యాయం మాట్లాడినవాళ్లు ఎవరూ లేరు. అందరూ మ్యాచ్ కావాలనే కోరారు, నిజాయితీగా జరగాలనే కోరారు.

తర్వాత రోజులు సామాను కట్టడంలో పోయాయి. ఉమేరా విమానం పెట్టెలను మా జిమ్‌లో తన బరువు చూసుకునే కాటా మీదే పెట్టి తూచుకుపోయింది. వేరే హాలు కోసం దమ్మామ్‌లో, రస్ తనూరాలో అడిగింది. అక్కడ కూడా వాళ్లు, ఓ ఆ ఫిక్స్ అయిన మ్యాచా అన్నారు.

ఆమె పోయే ముందు రోజు శుక్రవారం. జిమ్ సాయంత్రం దాకా తెరవరు. మధ్యాహ్నం నేను తాళం తీసి తుడుస్తుంటే ఖాలిదా వచ్చింది, చేతిలో సంచి. వెనకనే ఉమేరా. ఇద్దరూ ఫోనులో అనుకుని వచ్చారు.

"ఎవ్వలకు చెప్పకు అవ్వా," అన్నది ఉమేరా. "మూడు రౌండ్లు. నువ్వు గంట గొట్టు, సాలు."

మరి ఎవరు గెలిచారో చెప్పేదెవరు అని అడిగాను. మాకు తెలుస్తదిలే అన్నది. ఆమె ముఖం అంత తేటగా ఉండడం చాలా రోజుల తర్వాత చూశాను. రింగు అప్పుడే తుడిచాను, అయినా ఇంకోసారి తుడిచాను. సాయానికి ఎవరూ లేరు కాబట్టి ఉమేరా చేతులకు పట్టీలు ఖాలిదా చుట్టింది, ఖాలిదా చేతులకు ఉమేరా చుట్టింది. గ్లౌజుల పట్టీలు నేను బిగించాను. ఎదురుకోళ్ల లాగా రెండు వైపుల నుంచి ఒకేసారి తాళ్ల కింద నుంచి దూరారు. నేను గంట మీద చేయి పెట్టాను.

"అవ్వా, జర ఆగు," అన్నది ఉమేరా. "ఖాలిదా, ఒకటి అడుగుత. రేపు పోతున్న అని నా మీద జాలి ఉన్నదా?"

"ఉంది. ల్యాకుండా ఎట్లుంటాది?"

"గట్లయితే మెల్లగ కొడ్తవ్."

"కొట్టను. గట్టిగానే కొడ్తా."

"మెల్లగ కొట్టిన అంటనేమో అని ఇంకింత గట్టిగ కొడ్తవ్. అది గూడ నీ దెబ్బ కాదు గద."

ఖాలిదా చేతులు దించింది. "నీ సంగతి యేంది మరి? నేను గెలిస్తే నాకేమనిపిస్తాది? పొయ్యేది ఎట్లా పోతాంది, ఈడుండేదానికి పేరుండనీలే అని వదిలేసినావేమో అనిపించదా?"

"నేనట్ల చెయ్య."

"చెయ్యవని నాకు తెల్సు. ముందైతే ఆ మాటే తోచేది కాదు. ఊరంతా అని అని నా తలకాయలో పెట్టినారు. ఇప్పుడు తోస్తాది."

"ఒట్టెయ్, నిజంగనే ఆడ్త అని."

"ఏస్తే నమ్ముతావా?"

ఉమేరా ఆమె ముఖంలోకి చూసింది. "నమ్మ," అన్నది.

"నేనూ అంతే మ్మే."

నా చేయి గంట మీదే ఉన్నది. కొట్టమంటారా వద్దా అని అడిగాను. ఇద్దరూ నా వైపు తిరిగి నవ్వారు. నవ్వు ఆగిన తర్వాత కూడా ఎవరూ కొట్టమనలేదు.

"మనిద్దరం ముందే మాట్లాడుకోని ఆపేసినాం అంటారు రేపు," అన్నది ఖాలిదా.

"అననీ. గదొక్కటైతే నిజమే," అన్నది ఉమేరా.

రింగు దిగి ఉమేరా బస్తా దగ్గరికి పోయింది. ఖాలిదా వెనక నిలబడి బస్తాను పొట్టకు ఆనించి పట్టుకుంది. ఉమేరా కొట్టడం మొదలుపెట్టింది. ఎప్పటిలాగా తగిలించి పక్కకు జరగలేదు, నిలబడి కొట్టింది. చేతులు లేవనిదాకా కొట్టింది. తర్వాత ఉమేరా పట్టుకుంటే ఖాలిదా కొట్టింది. బస్తా వెనక నిలబడినవాళ్లకు ఎదుటి మనిషి దెబ్బ ఎంతో కొంత తెలుస్తుందట. ఎంత తెలిసిందో ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోలేదు.

పోయేటప్పుడు అబాయాలు వేసుకుని, గుమ్మం దగ్గర మళ్లీ గ్లౌజులు తొడుక్కుని ఒక ఫోటో తీయమన్నారు. ముఖాలు వద్దన్నారు. నల్లటి చేతుల చివర ఎర్రటి గ్లౌజులు నాలుగు, ఒకదానికొకటి ఆనుకుని. నేను తీసిన మొదటి ఫోటో అదే, వంకరగా వచ్చింది. మర్నాడు విమానం ఎక్కే ముందు ఉమేరా దాన్ని సంఘం గ్రూపులో పెట్టి, అందరికీ సలాం అని రాసింది.

కింద వచ్చిన మాటలు నేను ఇప్పుడు బాగానే చదవగలను. చూశారా, ఎంత కలిసిమెలిసి ఉన్నారో, మేం ముందే అన్నాం కదా అని ఒకరు. ఇంతకీ ఎవరు గెలిచేటట్టు అనుకున్నారో ఇప్పుడైనా చెప్పండి అని ఒకరు. కాత్యాయని గారు రెండు పూల గుర్తులు పెట్టారు. మాటలు పెట్టడానికి భయపడినట్టున్నారు. ఇప్పుడు ఆమె ఏ సంబంధం కుదిరినా ఖాయమైంది అనే రాస్తున్నారు.

రంజాన్ పోయాక ఒక రోజు కోరుట్ల నుంచి ఉమేరా ఫోన్ చేసింది. మేనత్త మాట్లాడుతున్నదట, తల్లికి మోకాళ్ల నొప్పులట, ఇంటి మీద రేకుల కింద బస్తా కట్టుకున్నదట. చెప్పవలసినవన్నీ చెప్పింది. నేను వినవలసినవన్నీ విన్నాను. పెట్టేస్తుందనుకున్నప్పుడు ఇంకొకటి అడిగింది.

"అవ్వా, ఆమె కొడ్తున్నప్పుడు బస్తా పట్టుకున్న గద. నేను ఒక్క అడుగు ఎనుకకు జరిగిన. నేను కొట్టినప్పుడు ఆమె జరిగిందా? నువ్వు ఆడనే ఉంటివి."

నేను అక్కడే ఉన్నాను. అంతసేపూ చూస్తూనే ఉన్నాను. కాని కాళ్ల వైపు చూడాలని నాకు తెలియదు. ముఖాలు చూశాను. ఆ మాటే చెప్పాను.

"గట్లనా," అన్నది. "మరి ఆమె ముఖం ఎట్లుండె?" అని అడిగింది.

"అచ్చం నీ లెక్కనే ఉండె బిడ్డా," అన్నాను.

ముత్తవ్వ
యాభై ఏడేళ్లు
ఇప్పుడు ఉండేది జుబైల్, క్లీనింగ్ కంపెనీ ఆడవాళ్ల క్వార్టర్లు